గ్యాస్ బాబాయ్

నరసరావుపేటలో పల్నాడు రోడ్డుకి అటూ ఇటూ ఉన్న సందుల్లో, ప్రతి సందుకీ ఒక గ్యాస్ బాబాయ్ ఉంటాడు. మాచర్లలోనూ ఉంటాడు, గురజాలలోనూ ఉంటాడు. ఆయన మెకానిక్కు కాదు. రిటైరైన గుమాస్తా కావచ్చు, మిర్చి బేరాలు మానుకున్న వ్యాపారి కావచ్చు. చేతిలో స్క్రూడ్రైవరు ఉండదు. నోట్లో తీర్పు మాత్రం సిద్ధంగా ఉంటుంది: "గ్యాసైపోయిందబ్బాయ్!"

ఎండలకు పేరుపడ్డ రెంటచింతల టీవీ వార్తల్లోకి ఎక్కగానే ఆయన సీజను మొదలు. ఏ ఇంట్లో ఏసీ మొండికేసినా, మెకానిక్కు ఫోనెత్తే లోపే బాబాయ్ చెప్పులు గుమ్మం ముందుంటాయి. ముందు గ్లాసుడు మజ్జిగ. ఆనక ఏసీ కింద నిలబడి అరచెయ్యి పైకెత్తి, కళ్లు మూసుకుని, "గాలొస్తంది గానీ చలవ రావట్లా. గ్యాసే!" అంటాడు.

మరి లోపల మంచు గడితే? "గ్యాసెక్కువైంది." గోడమీద నీళ్లు కారితే? "గ్యాసు కరిగి కారతంది." రిమోటు నొక్కినా పలక్కపోతే? "లోపల గ్యాసు లేందే రిమోటు మాత్రం ఏం జేసుద్దిరా?" ఆ ఇంటి పిల్లాడు మాట్లాడకుండా రిమోట్లో కొత్త సెల్లులేస్తాడు. ఏసీ కూస్తుంది. బాబాయ్ ఆ శబ్దం విననట్టు కిటికీలోంచి బయటికి చూస్తాడు.

ఏసీలో గ్యాసు స్కూటర్లో పెట్రోలు కాదు, నడిచేకొద్దీ తరగడానికి. మూసేసిన రాగి గొట్టాల్లో అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడ్డట్టే. చిల్లు మూయకుండా గ్యాసు నింపితే, పోసిన డబ్బులు కూడా ఆ చిల్లులోంచే పోతాయి.

మెకానిక్కు కుర్రాడొచ్చి ఒకే ప్రశ్న అడుగుతాడు: "ఫిల్టరు ఎప్పుడు కడిగారండీ?" ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సున్నం బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, మిరప కళ్లాలు ఉన్న సీమ మనది. ఫిల్టరు మీద దుమ్ము మందాన పేరుకుని ఉంటుంది. గాలాడకపోతే చలవా రాదు, మంచూ గడుతుంది. అంటే బాబాయ్ చెప్పిన రెండు రోగాలకీ మందు కుళాయి కిందే దొరికిందన్నమాట.

కుర్రాడు డాబా ఎక్కితే ఇంకో వింత. అవుట్‌డోర్ యూనిట్ గోనెపట్టా కప్పుకుని కూర్చునుంటుంది. "ఎండకి మాడిపోద్దని నేనే కప్పమన్నా," అని బాబాయ్ గర్వంగా చెబుతాడు. గదిలోని వేడిని బయటికి తోసేదే ఆ పెట్టె. దానికే ముసుగేస్తే వేడి పోయేదెటు?

గోడమీద కారే నీళ్లకీ గ్యాసుకీ సంబంధం లేదు. 1902లో కారియర్ అనే అమెరికా ఇంజినీరు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసం ఏసీ యంత్రాన్ని రూపొందించింది, చెమ్మకి కాగితాలు ఉబ్బకుండా చూడటానికి. గాలిలోని చెమ్మని పిండటం దాని పుట్టుకలోనే ఉంది. ఆ నీళ్లు పోయే గొట్టంలో పాచి పడితే గోడమీదికి దిగుతాయి.

బాబాయ్‌కి 16 డిగ్రీల మీద కూడా గట్టి నమ్మకం. "16 పెడితే బిరీన చల్లబడుద్ది." ఇన్వర్టరు కాని మామూలు ఏసీలో కంప్రెసరు 24కైనా 16కైనా ఒకే జోరున తిరుగుతుంది, 16కైతే ఆగకుండా తిరిగి బిల్లు పెంచుతుంది. స్టార్ గుర్తున్న ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. అది చెబితే, "ఢిల్లీలో కూచున్నోళ్లకి పల్నాడు ఎండేం తెలుసుద్ది?" అంటాడు.

చివరికి ఫిల్టరు కడిగాక గది చల్లబడుతుంది. బాబాయ్ ఓడిపోయాడనుకుంటున్నారా? "కడిగేటప్పటికి గ్యాసు కదిలింది!" అని రెండో గ్లాసు మజ్జిగ అడుగుతాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మజ్జిగకి మాత్రం లోటు చేయకండి. వేసవిలో రెండు వారాలకోసారి ఫిల్టరు కడగండి. డాబా మీది పెట్టె హుమ్మని మూలుగుతూ నడవకపోతే కెపాసిటర్ పోయుండొచ్చు. స్విచ్చి ఆపినా అందులో కరెంటు నిలవుంటుంది, మీరు ముట్టుకోకండి, మెకానిక్కుని పిలవండి. ఎవరైనా గ్యాసైపోయిందంటే, డబ్బులు తీసే ముందు, "చిల్లెక్కడో చూపించు," అని అడగండి.