అప్రెంటిస్‌గానైనా రాసుకోండి, మహాప్రభో!

అంగన్‌వాడీ టీచర్ల జీతం ఊసెత్తగానే పార్లమెంటులో వినిపించే జవాబు మళ్లీ వినిపించింది. వాళ్లు ఉద్యోగులు కారట. ఊళ్లోనే ఉంటూ, పార్ట్‌టైమ్‌గా సేవ చేయడానికి తమంతట తామే ముందుకొచ్చిన గౌరవ కార్యకర్తలట. సరే, ఒప్పుకుందాం. పర్మినెంటు చేయమనడం, పేస్కేలు అడగడం లాంటి గొంతెమ్మ కోరికలు ఇక మానేద్దాం. వాటి బదులు ఓ చిన్న విన్నపం: 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద వీళ్లను అప్రెంటిస్‌లుగానైనా రాసుకోండి. హోదా తగ్గిపోతోందని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు, లెక్క చూస్తే ఇది ప్రమోషనే. 2019 నిబంధనల ప్రకారం ఐదో తరగతికీ తొమ్మిదికీ మధ్య చదువు ఆపేసిన అప్రెంటిస్‌కు నెలకు కనీసం 5,000 రూపాయల స్టైపెండ్, పది పాసైతే 6,000. అంగన్‌వాడీ టీచరుకు 2018 అక్టోబరు నుంచి కేంద్రం ఖరారు చేసింది 4,500. అంటే ఫ్యాక్టరీలో పానా పట్టుకోవడం నేర్చుకుంటున్న ఏడో తరగతి కుర్రాడు ఆమెకన్నా 500 పైనున్నాడు. పైగా అతనికి పని గంటలున్నాయి, సెలవులున్నాయి, మిషన్‌లో వేలు పడితే పరిహారం ఉంది. అన్నిటికీ మించి, అతని శిక్షణకు ఓ ఆఖరి తేదీ ఉంది. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. యాభై ఏళ్లయినా వీళ్లకు ఆ తేదీ రాలేదు.

రాష్ట్రాలు ఆ 4,500కు పైన కలుపుతున్నాయిగా అనొచ్చు. కలుపుతున్నాయి, అలా కలిసే తెలంగాణలో 13,650, ఆంధ్రప్రదేశ్‌లో 11,500 అయింది. కానీ అప్రెంటిస్‌కు చెప్పిన 5,000 కూడా కనీసమే, యజమానికి దయ కలిగితే ఎంతైనా ఇవ్వొచ్చు. పోల్చాల్సింది కనీసాన్ని కనీసంతోనే. మరి వీళ్లకు పని నేర్పేదెవరు, నేర్పకుండా అప్రెంటిస్‌షిప్పేమిటి అని పెద్దలు అడగొచ్చు. ఆ బెంగ అక్కర్లేదు, 2020 జాతీయ విద్యా విధానం దారి చూపింది. ఇంటర్, ఆపైన చదివినవాళ్లకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకన్నా తక్కువైతే ఏడాది డిప్లొమా. పాఠాలు డీటీహెచ్ చానల్లో, సెల్‌ఫోన్‌లో చెప్పొచ్చు. చేస్తున్న పనికి ఆటంకం రాకూడదు కదా! క్లస్టర్ కేంద్రంలో నెలకు కనీసం ఓ క్లాసు కూడా ఉంటుంది. పానా పట్టే కుర్రాడి పక్కన మేస్త్రీ రోజూ నిలబడి చెయ్యి దిద్దుతాడు. మూడేళ్ల పిల్ల ఇంకా ఎందుకు మాట్లాడటం లేదో కనిపెట్టే విద్యకు మాత్రం రిమోటూ, నెలకో క్లాసూ చాలు. అనుభవమున్న టీచరును పక్కన కూర్చోబెట్టి నేర్పించి, నేర్చుకున్నకొద్దీ జీతం పెంచుతామంటే ఎవరు వద్దంటారు?

ఇక పార్ట్‌టైమ్ సంగతి. సాల్టర్ స్కేలుకు వేలాడుతున్న పిల్లాడు కాళ్లు తన్నుకుంటుంటే ముల్లు కుదురుకునేదాకా ఆగి బరువు రాయాలి. బాలింత ముఖాన్ని పోషణ్ ట్రాకర్ యాప్‌కు చూపించి రెప్ప ఆర్పించాలి. సిగ్నల్ పోతే కథ మళ్లీ మొదటికి. ఈలోగా గుడ్లు లెక్కపెట్టాలి, ప్రీస్కూలు పిల్లలకు పాట పాడాలి, గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి, సర్వే అంటే సర్వేకి పరిగెత్తాలి. ఇది పార్ట్‌టైమ్ అయితే ఫుల్‌టైమ్ ఎలా ఉంటుందో సభలో ఆ జవాబిచ్చిన శాఖవారే చేసి చూపించాలి.

వెటకారం ఇంతటితో సరి. 2022 ఏప్రిల్ 25న అంగన్‌వాడీల గ్రాచ్యుటీ కేసులో సుప్రీంకోర్టు, ఈ పని పార్ట్‌టైమ్ అంటే ఒప్పుకోవడం కుదరదని తేల్చిచెప్పింది. ఆ తర్వాత కూడా అదే వాక్యాన్ని సభలో చదవడానికి ఎంత తెగింపు కావాలి? ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న వీళ్లు సమ్మెకు దిగితే, 2024 జనవరి 6న అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా ప్రయోగించారు. ఇష్టపడి సేవకొచ్చిన మనిషి ఇష్టం లేక ఇంట్లో కూర్చుంటే నేరమెలా అవుతుంది? 42 రోజులు సమ్మె శిబిరాల్లో గడిపారు వాళ్లు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని ఆ విద్యా విధానంలోనే రాసుకున్నారు కాబట్టి, ఇది తెలియక చేస్తున్న తప్పు కాదు. అంగన్‌వాడీకి వచ్చేది కూలికెళ్లే తల్లుల పిల్లలు, వాళ్లను చూసుకునేది పేదింటి ఆడవాళ్లు. వీళ్లకు ఎంత తక్కువ విదిల్చినా సచివాలయాల్లో ఎవరింటి పొయ్యీ ఆరదు. ఆ భరోసాతోనే ఆ జవాబు రాస్తున్నారు.