పాములపాటి పికప్ పద్యానికి టీకాతాత్పర్యం

అవతారిక: నంద్యాల జిల్లా పాములపాడులో ఒకానొక రైతు పికప్ కొని, కిట్టు వేయించి పైకి లేపి, 30 అంగుళాల టైర్లు తీసేసి 33 అంగుళాల మడ్ టైర్లు తొడిగించి, ఆపై మైలేజీ పోయిందని వాపోయిన సందర్భంలోది ఈ తేటగీతి. కర్త అజ్ఞాతుడు. కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు. ఈయనకు మేమే గతి. మూలంలో లేనిది రాయనన్న సూరిగారి నియమాన్ని డీజిలున్నంత మేరకు మేమూ పాటిస్తాం.

మూలం:

ఎత్తు పెంచిన బండికి నెదురుగాలి,
పెద్ద చక్రాల బరువుతోఁ బెరిగెఁ దిండి,
లెక్క చూపించు మీటరు లీల వేరు,
బంకు పాలయ్యెఁ బాములపాటి సొమ్ము.

టీక: ఎత్తు పెంచిన బండికిన్ = నిచ్చెన వేసుకుని ఎక్కవలసిన పికప్పునకు; ఎదురుగాలి = గాలి అడ్డు; తిండి = డీజిల్; మీటరు లీల వేరు = చూపేది ఒకటి, తిరిగింది ఒకటి; పాములపాటి సొమ్ము = మిరప అమ్మగా వచ్చినది; బంకు పాలయ్యెన్ = స్పష్టం.

వ్యాఖ్య: 'ఎదురుగాలి' అనడంలో కవి హృదయం సూక్ష్మం. బానకచర్ల కాలువ గట్ల మీద, వాన పడిన నల్లరేగడి డొంకల్లో బండి మెల్లగా పోతుంది. అక్కడ గాలి లెక్కలోకి రాదు, ఎత్తు అక్కరకొస్తుంది. తారు రోడ్డెక్కితే కథ మారుతుంది. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఉన్నది 100 దగ్గర దాదాపు మూడింతలు. లేపిన బండి గాలికి ఎదురొడ్డే వైశాల్యమూ పెద్దదే, అడుగున దూరి గింగిరాలు తిరిగే గాలీ ఎక్కువే.

'బరువుతో' అన్నది ఊరికే వేసిన మాట కాదు. ట్రాలీలో వేసిన బస్తా ముందుకు కదిలితే చాలు. చక్రపు బరువు కదలాలి, గుండ్రంగా తిరగాలి కూడా. గొర్లమంద అడ్డొచ్చి ఆపిన ప్రతిసారీ ఆ తిప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. లోతు గళ్ల రబ్బరు నలిగి వేడెక్కడం మరో ఖర్చు. పెద్ద చక్రం పై గేరు వేసినట్టే పనిచేస్తుంది కనుక, ఆత్మకూరు దాటి దోర్నాల ఘాటెక్కేటప్పుడు ఇంజను లాగలేదు. గేరు దించక తప్పదు. క్రౌన్ పినియన్ మార్చితే దీనికి పరిహారమని మెకానిక్కుల మతం.

ఇక్కడ పూర్వపక్షి లేచి, "ఇదంతా కాదప్పా, బంకోడు తక్కువ పోస్తాండాడు" అంటాడు. సమాధానం: ప్రతి బంకులోనూ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, అనుమానమున్నవాడు అడిగి కొలిపించుకోవచ్చు. పూర్వపక్షి ఇంతవరకు అడగలేదు. అడిగితే కొలత సరిపోతుందేమోనని ఆయన భయం.

మూడో పాదమే పద్యానికి ప్రాణం. మీటరు దూరాన్ని చూడదు, తిరుగుళ్లను లెక్కపెట్టి పాత టైరు కొలతతో హెచ్చవేస్తుంది. 30 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు సుమారు 2.39 మీటర్లు పోతే, 33 అంగుళాలది 2.63 మీటర్లు పోతుంది. మీటరు 100 చూపితే బండి నడిచింది 110. లీటరుకు 10 వస్తున్నదని ఏడ్చేవాడికి నిజానికి 11 వస్తున్నది. కాబట్టి పోయిన మైలేజీలో కొంత పోనేలేదు. ఈ సంతోషం ఎక్కువసేపు నిలవదు: మీటరు 80 అన్నప్పుడు బండి 88లో ఉంటుంది, స్పీడ్ కెమెరాకు ఈ శ్లేష తెలియదు.

ధర్మశాస్త్ర విరోధం: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. కవి దీన్ని ప్రస్తావించలేదు; ఆయన బండీ అలాంటిదేనని ఊహ.

అలంకారం: విషమం. మేలు కోరి చేసిన పని వల్ల కీడు కలగడం దీని లక్షణం.

తాత్పర్యం: ట్యాంకు నిండా పట్టించి, మళ్లీ నిండా పట్టించేదాకా మీటరు చూపిన కిలోమీటర్లను 1.1తో హెచ్చవేసి, పట్టిన లీటర్లతో భాగిస్తే నిజమైన మైలేజీ తెలుస్తుంది. అప్పటికీ తగ్గినది ఎత్తుకు కట్టిన కప్పమని గ్రహించాలి.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని అర్థం తెలిసి చదివినవారికి మైలేజీ పెరగదు. బంకువాడితో పోట్లాట మాత్రం తప్పుతుంది.