చేతికర్ర పద్యం: జానుసంజీవనీ వ్యాఖ్యా సహితం

అవతారిక

కాళిదాసుకు సంజీవని రాసిన మల్లినాథసూరి మెతుకుసీమలోని కొల్చారం వాడంటారు. మూలం గీత దాటనని ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. మాకు ఆ ఒట్టు లేదు. పైగా పద్యమూ మాదే, వ్యాఖ్యా మాదే. ఇలాంటి దానిని స్వోపజ్ఞ వ్యాఖ్య అంటారు. ఇందులో సుఖమేమంటే, కవి హృదయం ఇది కాదని తగవుకు వచ్చే కవి ఉండడు.

ఇక సందర్భం. ఒక మిత్రుడు గుల్మార్గ్ వెళ్ళి మంచు మీద జారాలని సంకల్పించాడు. జారేందుకు స్కీ కర్రలు కావాలి. కొనేముందు అరకు కొండల్లో కాస్త నడిచి చెయ్యి అలవాటు చేసుకుందామనుకున్నాడు. అతని ప్రశ్న ఒక్కటే: “వంగనిదీ విరగనిదీ ఏది?” ఆ ప్రశ్నకు జవాబుగా ఈ పద్యం పుట్టింది.

లంబసింగిలో మంచు ఉండగా గుల్మార్గ్ దాకా దేనికని శంక. అక్కడ ఉండేది పొగమంచు. చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద తెల్లగా పేరుకునేది ఎండ పొడ తగలగానే కరిగిపోతుంది. జారడానికి బురద తప్ప వేరే ఆధారం లేదు కనుక శంక నిలవదు.

మూలం

ఆ.వె.
విరుగు కర్ర వద్దు, వెదురు గట్టి దొకటి
చేతి కొలది నరికి చెలగి పట్టు;
కొండ నెక్కు వేళ గుండె కన్నను దోడు,
దిగెడు వేళ కర్ర దేవుడయ్య.

టీక

అయ్య = ఓ యాత్రికుడా; విరుగు కర్ర = చెప్పాపెట్టకుండా ఫట్టుమనే కర్ర; వద్దు = ఎంత డిస్కౌంటు ఇచ్చినా వద్దు; గట్టిది = లోపల డొల్ల లేనిదైన; వెదురు ఒకటి = ఒక్క వెదురు (రెండో చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది కనుక); చేతి కొలది = పట్టుకుంటే మోచెయ్యి మూలమట్టంలా నిలిచే పొడవుకు; నరికి = కోసి; చెలగి = సంతోషించి; పట్టు = పట్టుకొనుము; కొండన్ ఎక్కు వేళ = ఎగువకు పోయేటప్పుడు; గుండె కన్నను = ధైర్యం కంటె; తోడు = సాయమైనది; దిగెడు వేళ = దిగువకు వచ్చేటప్పుడు; కర్ర = ఆ కర్రయే; దేవుడు = కాపాడేది.

తాత్పర్యం

ఓయీ, హఠాత్తుగా విరిగే కర్ర కొనకు. గట్టి వెదురును నీ చేతి కొలతకు కోయించుకో. ఎక్కేటప్పుడు అది తోడు, దిగేటప్పుడు అదే దిక్కు అని భావము.

విశేషాలు

విరుగు కర్ర వద్దు: “కవి విరిగేదాన్ని వద్దన్నాడు గాని వంగేదాన్ని వద్దనలేదు. మరిచాడా? గణాలు సరిపోలేదా?” అని పూర్వపక్షం. మరవలేదు. ఇక్కడ మూడు మతాలున్నాయి.

నవ్యుల్లో ఒక వర్గం కార్బన్ ఫైబర్ వాదులు. వారి కర్ర ఈకలా తేలిక, నిటారుగా నిలుస్తుంది, వంగదు. అదే దాని గుణం, అదే దోషం. పక్కనుంచి ఒక రాయి అంచు గీసుకుని చిన్న గాటు పడినా పైకి ఏమీ కనిపించదు. తర్వాత ఎప్పుడో ఒంటి బరువంతా దాని మీద పడిన క్షణాన రెండు ముక్కలవుతుంది. వంగడం తెలియనిది కాబట్టి ముందుగా చెప్పడమూ తెలియదు.

రెండో వర్గం అల్యూమినియం వాదులు. అమెరికాలో ఐడహో రాష్ట్రపు సన్ వ్యాలీకి చెందిన ఎడ్ స్కాట్ 1958లో మొన వైపు సన్నబడే అల్యూమినియం స్కీ కర్ర తెచ్చాడు. అంతకు ముందు మంచు దేశాల వారు వెదురు కర్రలతో, ఉక్కు గొట్టాలతో జారేవారు. ఈ రకం కొనేవారు జింకు కలిసిన 7075 మిశ్రమం ఉందా అని అడిగి కొంటారు. ఇది బరువు మీదపడితే వంగుతుంది, వంగి అలాగే ఉండిపోతుంది, అయినా ఇంటికి చేరుస్తుంది. దాన్ని మోకాలికి అడ్డం పెట్టి సరిచేశామని మురిసిపోకూడదు. వంచి తీసిన చోట లోహం నీరసిస్తుంది, మరోసారి అక్కడే తెగుతుంది.

ప్రసంగవశాత్తు ఒక మాట. అల్యూమినియం పుట్టేది బాక్సైట్ నుంచి. ఆ బాక్సైట్ ఈ మన్యంలోని గాలికొండ, రక్తకొండ, జెర్రెల కొండల నెత్తి మీదే పరుచుకుని ఉంది. ఒడిశా సరిహద్దుకు అవతల కోరాపుట్‌లో దామంజోడి దగ్గర పంచ్‌పట్‌మాలి కొండను నాల్కో దశాబ్దాలుగా తవ్వుతోంది. ఇవతల తవ్వొద్దని గిరిజనులు ఏళ్ళ తరబడి పోరాడారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పుకు మూలం బొర్రా పరిసరాల గ్రామాలే. జెర్రెల బాక్సైట్ కోసం 2015లో వెలువడిన జీవో 97 రద్దయింది 2019లో. కనుక అల్యూమినియం కర్రతో గాలికొండ ఎక్కేవాడు కొండ పైసరుకుతో కొండనే పొడుస్తున్నాడని గ్రహించాలి.

మూడోది ప్రాచీనుల మతం, వెదురు. ఇది వంగుతుంది, వదిలితే మళ్ళీ నిటారవుతుంది. బరువు మితిమీరితే ముందు చిటచిటమంటుంది, తర్వాత నిలువునా చీలుతుంది, నారలు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. పారిపోవడానికి మనకు వ్యవధి దొరుకుతుంది.

సిద్ధాంతం: లోకంలో విరగని కర్ర లేదు. విరిగే ముందు చెప్పే కర్ర ఒకటి, చెప్పని కర్ర ఒకటి, అంతే. కనుక “వంగనిది కావాలి” అన్న మిత్రుని ప్రశ్నలో సగం ప్రశ్నే తప్పు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద తుపాకుల కోసం పడ్డ అల్లూరి సీతారామరాజు దళంలో గిరిజనుల ఆయుధం విల్లంబే. వంగనిదాన్ని వారు విల్లనలేదు, విరిగేదాన్ని చేతబట్టలేదు.

వెదురు గట్టి దొకటి: ఈ విశేషణం ముఖ్యం. ఈ కొండల్లో వెదురు ఒక్క జాతి కాదు. ములు వెదురు లావుగా పెరుగుతుంది, లోపల డొల్ల. బొంగులో చికెన్ తిన్నవారందరికీ డొల్ల వెదురు పరిచయమే. మాంసం కూరడానికి అది శ్రేష్ఠం, మనిషి ఆనుకోవడానికి కాదు. తిన్న బొంగునే ఊతకర్రగా చేసుకుని కొండెక్కుదామనుకునేవారికి ఈ వ్యాఖ్య వర్తించదు. కర్రకు పనికొచ్చేది సాధనపు వెదురు. సన్నగా, గట్టిగా, మొదలు దగ్గర దాదాపు డొల్ల లేకుండా పెరుగుతుంది. పోలీసు లాఠీకి పేరుపడ్డ జాతి ఇదే. దీని మన్నికను ఊరేగింపుల్లో పాల్గొన్నవారెవరైనా ధ్రువీకరించగలరు.

జాతి దొరికాక వయసు చూడాలి. వెదురు పొడవూ లావూ ఒక్క వానకారులోనే పూర్తవుతాయి, ఆ తర్వాత ముదరడమే దాని పని. ఏడాది గెడ పచ్చగా, బూడిద రాసినట్టు, కణుపుల దగ్గర పొరలతో కనిపిస్తుంది. దాన్ని కొడితే ఎండాక ముడుతలు పడి వంకరపోతుంది. మూడేళ్ళు దాటినదాన్ని తీసుకోవాలి: పచ్చదనం మాసి, పైన తెల్లని మచ్చలు పట్టి, వేలితో కొడితే ఖణేల్మనేది. వానాకాలంలో కొట్టకూడదు. ఎప్పుడు కొట్టినా గెడలోని పిండిపదార్థం పుప్పిపురుగుకు పెళ్ళి భోజనం. అమావాస్య దగ్గర పడ్డాక కొడితే పుప్పి పట్టదని పల్లెల్లో నమ్మకం. చంద్రుడి సంగతి ఎలా ఉన్నా, పారే నీటిలో నానవేసి నీడన ఆరబెడితే పిండి చాలావరకు పోతుంది.

కర్రను తీర్చడం చూడదగ్గ పని. పనివాడు గెడను నిప్పుల మీద తిప్పుతూ కాచాడు. వంకర ఉన్న చోట పైతోలు చెమర్చి మెరిసింది. అప్పుడు దాన్ని చెట్టు పంగలో ఇరికించి, ఒంటి బరువు మోపి, మెల్లగా ఎదురు వంచాడు. వెంటనే తడిగుడ్డతో తుడిచాడు, చుయ్‌మంది. ఒక కన్ను మూసి కర్ర పొడుగునా చూశాడు, ఇంకో కణుపు దగ్గర మళ్ళీ కాచాడు. చివరికి రాతికేసి కొట్టి మా చేతికిచ్చాడు. “బొంగు కాదు బాబూ, గట్టి వెదురు. మీరూ కొట్టి చూడండి.” ఇంతకు మించిన గ్యారంటీ కార్డు లేదు.

వెదురు బలమంతా పైతోలు దగ్గర. నారలు అక్కడే ఒత్తుగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. కనుక నునుపు కోసం పైతోలు చెక్కించుకునేవాడు బలాన్ని చెక్కి పారేస్తున్నాడు. కణుపులను మాత్రం పొడుచుకు రాకుండా సానబట్టాలి. దగ్గర దగ్గర కణుపులున్న గెడను ఎంచుకోవాలి. కణుపు అడ్డుగోడలా నిలిచి గోడలు నొక్కుకుపోకుండా ఆపుతుంది. కింద ఇనుప పొన్ను తొడిగితే మొన చితికిపోదు.

చేతి కొలది: పొడుగు కర్ర దర్జా అనుకునేవారికి ఇది హెచ్చరిక. 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ లెక్క ప్రకారం, అంతే లావున్న కర్ర పొడవు రెట్టింపైతే అది పక్కకు వంగకుండా మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. స్కీ కర్రను కొలిచేవారు దాన్ని తలకిందులు చేసి, మొన దగ్గరుండే చక్రానికి దిగువన పట్టుకుని, మోచెయ్యి మూలమట్టంలా నిలిచిందా అని చూస్తారు. మంచులో దిగబడే మొనను లెక్కలోంచి తీసేసేందుకే ఈ తలకిందులు. ఒకదాన్లో ఒకటి జొనిపే మడత కర్రలైతే బలహీనత అతుకు దగ్గర. గొట్టం మీద గీసిన హద్దు దాటి బయటికి లాగితే జరిగేదానికి కవి బాధ్యుడు కాడు.

చెలగి: ఈ పదం యతి కోసం పడింది. స్వోపజ్ఞ వ్యాఖ్యలో ఇలాంటివి దాచడం కష్టం.

కొండ నెక్కు వేళ గుండె కన్నను దోడు: వంజంగి మేఘాలు చూడాలని తెల్లవారకముందే ఎక్కేవారికి ఇది అనుభవవేద్యం. చీకట్లో రాయేదో గుంటేదో ముందు తెలిసేది కర్రకే.

దిగెడు వేళ కర్ర దేవుడయ్య: ఎక్కేటప్పుడు తోడని, దిగేటప్పుడు దేవుడని ఎందుకీ పదోన్నతి? ఎక్కడం ఊపిరికి పని, దిగడం మోకాలికి పని. ఏటవాలులో దిగేవారి మీద జరిపిన ఒక పరిశీలన 1999లో అచ్చయింది. చేత కర్రలుంటే మోకాలి కీలు మీద పడే బలం 12 నుంచి 25 శాతం దాకా తగ్గుతుందని అందులో తేలింది. వ్యాఖ్యకు జానుసంజీవని అని పేరు పెట్టడం ఇందుకే.

అలంకారం

కర్రను దేవుడనడం రూపకమని కొందరు. కాదు, అతిశయోక్తి అని మరికొందరు. ఇద్దరూ రోడ్డు మీద నిలబడి చెబుతున్నారు. రోడ్డు లేని కొండ ఊరికి వెళ్ళి అడిగితే, ఇది స్వభావోక్తి అంటారు.

అక్కడ జ్వరపడ్డవారినీ, నెలలు నిండిన ఆడవారినీ దింపేది డోలీలో. కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన పెట్టుకుంటారు. వాగు దాటి, రాళ్ళు దిగి, బండి రాగల చోటికి నడుస్తారు. 108 అంబులెన్సు 2005లోనే రాష్ట్రంలోకి వచ్చింది. కాని అది చక్రాల బండి, దారి ఉన్నంతవరకే వస్తుంది. మిగతా దారి కర్రదే. పత్రికల్లో ‘డోలీ మోత’ అన్న శీర్షిక ఎన్నిసార్లు వచ్చినా పాతబడకపోవడానికి కారణం ఇదే.

ఆ కర్ర అడుగడుక్కూ వంగుతుంది, లేస్తుంది. అలా వంగడం వల్లే మోసేవాడి భుజానికీ పడుకున్నవారి నడుముకూ అదురు తగ్గుతుంది. వంగనే వంగని కర్రయితే ప్రతి అడుగూ దెబ్బే. అది విరిగితే ఏమవుతుందో వ్యాఖ్యానించనక్కరలేదు. మూలంలో వంగేదాన్ని కవి ఎందుకు వద్దనలేదో ఇప్పుడు స్పష్టం. పద్యం యాత్రికుడికి చెప్పినట్టున్నా, ప్రమాణం మాత్రం డోలీ కర్రే.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను శ్రద్ధగా చదివినవారికి మోకాళ్ళు చిరకాలం నిలుస్తాయి. కొన్నవారికి డబ్బు దండగ కాదు. గుల్మార్గ్ వెళ్ళే మిత్రుడు అల్యూమినియం కొనుక్కోవచ్చు, వంగినా ఇంటికి చేరుస్తుంది కనుక. అరకులో నడిచేవాడు గట్టి వెదురు పట్టుకోవచ్చు. ఇక కొండ ఊళ్ళకు రోడ్లు మంజూరు చేసే అధికారులు ఈ పద్యాన్ని ఒక్కసారి డోలీ వెనక నడుస్తూ చదివితే చాలు, టీకా తాత్పర్యం అక్కర లేకుండానే బోధపడుతుంది.