కొత్త మొక్కకు గారాబం చేయు విధానం

కడియం నర్సరీ నుంచి బంగినపల్లి అంటు తెచ్చారా? శుభం. మే నెల మిట్టమధ్యాహ్నం నాటేయండి. తొలకరి దాకా ఆగడం పిరికితనం. సాయంత్రం చల్లబడ్డాక నాటితే మొక్క సుఖానికి అలవాటు పడుతుంది.

నల్ల కవరు తీయక్కర్లేదు, దానికీ కలిపే డబ్బిచ్చారు. తీయాల్సిందేనని ఎవరైనా పట్టుబడితే మొదలు పట్టుకుని లాగి, వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిగడ్డ విదిలించి, కుళాయి కింద కడగండి. నీళ్ళు పీల్చేవి ఆ సన్నటి పీచువేళ్ళేనని తోటమాలి గొణుగుతాడు. పాపం, ఆయనకు శుభ్రత తెలియదు.

అంటు కట్టిన చోట ముడి వికారంగా ఉంటుంది, మట్టిలో కప్పెట్టండి. దాని కిందనుంచి లేచే నాటు చిగుళ్ళను మాత్రం తుంచకండి. రేపు బంగినపల్లికి బదులు పుల్లటి పీచుకాయ కాసిందనుకోండి, ఆవకాయకు పనికొస్తుంది.

ఇక నీళ్ళు. ప్రేమంతా ఇక్కడే చూపించాలి. పొద్దున్నే అత్తగారు ఒక బకెట్, వాకింగ్ నుంచి రాగానే మామగారు ఒకటి, అంట్లు తోమాక పనమ్మాయి ఇంకొకటి. పోశామని ఒకరికొకరు చెప్పుకోకూడదు. పాదు చెరువైతే మట్టిలో గాలి పోయి వేళ్ళు కుళ్ళి, ఆకులు వాలిపోతాయి. వాలిన ఆకు చూస్తే ఏమనిపిస్తుంది? దాహమనే కదా! ఇంకో బకెట్ పోయండి. మట్టిలో వేలు పెట్టి తడి చూడొచ్చు గానీ, గోళ్ళు పాడవుతాయి.

బలానికి పచ్చి పేడ, గుప్పెడు యూరియా, సరిగ్గా మొదలుకు ఆనించి. బాగా చివికిన ఎరువుతో ఏం జోరుంటుంది?

ఈశాన్యంలో నాటారా? వాస్తు పంతులుగారు అక్కడ బరువు కూడదంటారు. పీకి నైరుతిలో పెట్టండి. వేరు పట్టిందో లేదో చూసినట్టూ ఉంటుంది.

ఎండకు కొబ్బరిమట్ట అడ్డం కడితే ఫోటోలో మొక్క కనపడదు, వద్దు. కేంద్రమంత్రిగా కె.ఎం. మున్షీ 1950లో వనమహోత్సవం మొదలుపెట్టారు కాబట్టి జూలైలో నాటడానికి మనకో పండగ ఉంది. ఆగస్టులో నీళ్ళు పోయడానికి ఏ పండగా లేదు.

ఇంత చేసినా మొక్క చిగురు వేసిందంటే, ఇంట్లో ఎవరో మీ కన్నుగప్పి దాన్ని దాని మానాన వదిలేస్తున్నారన్నమాట. వాళ్ళెవరో కనిపెట్టి వెంటనే మాన్పించండి.