నెమ్మదిగా ఉరికేందుకు సిగ్గుపడ్డాను

రోజూ పరీక్ష రాయడమే చదువుకోవడం అనుకున్నాను. తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో, అంటే దేహదారుఢ్య పరీక్షల్లో, మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. కాబట్టి లేచిన ప్రతి పొద్దూ ఆ 1600 మీటర్లే పానం పెట్టి ఉరికాను. ఆగి వాచీ చూసుకోవడం, నిన్నటికంటే తగ్గిందా లేదా అని లెక్కేసుకోవడం. ఇంతకు మించి చేయాల్సింది ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

2018 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 800 మీటర్లే ఉండేది. 2022లో అది 1600 అయింది. మా ఊరు నార్కట్‌పల్లిలో మేమందరం దాన్ని రెండింతల దూరం అనుకున్నామే తప్ప, ఒంటితో చేయించాల్సిన పనే మారిపోయిందని గ్రహించలేదు. ఏడు నిమిషాల ఉరుకుడుకు కావాల్సిన శక్తిలో చాలా భాగం ఆక్సిజన్ నుంచే రావాలి. ఆ శక్తి నెలల తరబడి తేలికగా ఉరికితే పెరుగుతుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపాలి, పిక్కల్లో సన్నటి రక్తనాళాలు కొత్తగా అల్లుకోవాలి, కండరాల కణాల్లో మైటోకాండ్రియా పెరగాలి. వీటికి రొప్పుతో పనిలేదు, ఓపిక కావాలి.

ఈ మాట నాకెవరూ చెప్పలేదని అంటే అబద్ధం. ఆర్మీలో చేసి వచ్చిన ఒక అన్న మొదట్లోనే చెప్పాడు: "తమ్మీ, మాట్లాడుకుంట ఉరుకు. మాట తెగుతుందంటే స్పీడ్ తగ్గించు." విన్నాను, తలూపాను, చేయలేదు. తెల్లవారుజామున అద్దంకి రోడ్డు మీద ఊళ్లోని సగం మంది పిల్లలు ఉరుకుతుంటారు. నెమ్మదిగా పోతే పాలక్యాన్లు వేసుకుని పోయేవాళ్లు కూడా బండి ఆపి "ఏందిరా, కాళ్లు లేస్తలేవా?" అంటారు. ఆ మాట పడలేకపోయాను. వెనక నుంచి ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా వేగం పెంచేవాణ్ణి. కాళ్లకు విశ్రాంతి ఇవ్వాల్సిన ఆదివారం చెరువుగట్టు గుట్ట ఎక్కి దిగి, దేవుడి దర్శనంతో పాటు ప్రాక్టీసూ అయిందని సంతోషపడ్డాను.

నెమ్మదిగా పోవాల్సిన రోజు వేగంగా పోవడంతో, నిజంగా వేగం కావాల్సిన రోజు కాళ్లలో ఏమీ మిగిలేది కాదు. అన్ని రోజులూ ఒకేలా, మధ్యస్తంగా అలసిపోయాను. టైమ్ కొన్నాళ్లు తగ్గి ఆగిపోయింది, తర్వాత పెరగడం మొదలైంది. దమ్ము చాలడం లేదనుకుని మరింత గట్టిగా ఉరికాను.

మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి పెట్టింది. మొదట ఉరికేటప్పుడే ఉండేది, తర్వాత నడిచినా వచ్చేది, చివరికి రాత్రి మంచంలో కూడా వదల్లేదు. అది ఎముకలో పడ్డ సన్నటి చీలిక. దెబ్బలు తిన్న ఎముక ముందు పాత పదార్థాన్ని కరిగించుకుంటుంది, ఆ తర్వాత కొత్తది పోసుకుంటుంది. ఆ నడుమ కొన్ని వారాలు అది మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. ఆ వారాల్లోనే నేను దాన్ని రోజూ తారు మీద బాదాను. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయిన మనుషులను చూస్తూ పెరిగిన నల్లగొండ బిడ్డను నేను. ఎముక విలువ నాకు తెలియకపోవడమేమిటని ఇప్పటికీ బాధపడతాను.

2022 డిసెంబరులో ఈవెంట్స్ జరిగాయి. నేను గ్రౌండ్ దాకా కూడా పోలేకపోయాను. నాన్న ఏమీ అనలేదు.

ఇంట్లో కూర్చున్న రోజుల్లోనే ఆర్థర్ లిడియార్డ్ గురించి చదివాను. న్యూజిలాండ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకుని కోచ్ అయిన మనిషి. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ పోటీపడేది 800 మీటర్లలో. రెండే రౌండ్ల ఆటగాణ్ణి లిడియార్డ్ వారానికి 160 కిలోమీటర్ల దాకా ఉరికించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800లో, మరో శిష్యుడు ముర్రే హాల్‌బర్గ్ 5000లో ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. అమెరికాలోని ఒరెగాన్‌లో బిల్ బోవర్‌మన్ ఒక రోజు కష్టపెడితే మర్నాడు తేలిక చేయించేవాడు. ఇది చదివినప్పుడు ఆర్మీ అన్న మాటే గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు మా చిన్నాయన బిడ్డ తయారవుతోంది. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. నేనూ ఆమెతో పోతున్నాను. మంగళవారం, శుక్రవారం గట్టిగా ఉరుకుతాం. నాకు 400 మీటర్ల చొప్పున, ఒక్కోటి 105 సెకన్లలో, నడుమ నడక. 7:15 అందుకోవాలంటే రౌండుకు 108 సెకన్లు దాటకుంటే చాలు. మిగతా రోజులు వాచీ ఇంట్లోనే ఉంటుంది. ఆమె కాలేజీ సంగతులు చెబుతుంటే వింటూ ఉరుకుతాను.

అయినా ఎవరైనా దాటిపోతే నా కాళ్లు ఇంకా తొందరపడుతూనే ఉన్నాయి. మొన్న బుధవారం ఎవరో కొత్త పిల్లవాడు పక్క నుంచి దూసుకుపోతే తెలియకుండానే అతని వెంట పడ్డాను. "అన్నా, ఇయ్యాల బుధవారం" అని చెల్లె వెనక నుంచి కేకేసింది.