ముఠా మేస్త్రి పిన్ని

కృష్ణ మీద 1855 నాటి ఆనకట్ట పోయి 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినా శివారు రైతు ఎదురుచూపులు తప్పలేదు. విజయవాడలో వదిలిన నీళ్ళు దివిసీమలోని అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక చేరేసరికి కళ్ళు కాయలు కాస్తాయి. చేరాక మాత్రం అందరి చేలూ ఒక్కసారే దమ్ముకొస్తాయి. అందరికీ ఊడ్పులు ఆ వారంలోనే కావాలి. ఎమ్మెల్యే ఎవరైనా, ఆ వారం దివిసీమను ఏలేది ముఠా మేస్త్రి పిన్నే.

ఊరూరా ఆమె పేరు మారుతుంది గానీ మనిషి మారదు. చీర మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా, బొడ్లో ఆకువక్క సంచి, ఆ సంచిలోనే సెల్‌ఫోన్. బందరులో కాపురముండే ఆసామి ఫోన్ చేస్తే "రేపే బాబుగారూ" అంటుంది. నలుగురు ఆసాములకు నాలుగు రేపులు. ఆకుమడి ముదిరిపోతున్నవాడి రేపు ముందొస్తుంది. కిందటేడు కూలి డబ్బుల కోసం తిప్పినవాడి రేపు అన్నిటికన్నా వెనక.

"ఈసారి వెదజల్లేస్తానే మేస్త్రీ" అని ఒకాయన బెదిరిస్తాడు.

"చల్లుకోండి బాబుగారూ. కలుపుకి మళ్ళీ మమ్మల్నే పిలుద్దురుగాని."

ఆయన టీలు కూడా తానే పంపిస్తానని దిగొస్తాడు.

నాయకుడంటే ముందు నడిచేవాడంటారు. ఊడ్పుల్లో అందరూ నడుం వంచి వెనక్కే నడుస్తారు. పిన్నీ అంతే. చెయ్యి చురుకైనవాళ్ళిద్దరి మధ్య కొత్తపిల్లకు మునుం ఇస్తుంది. ఆ పిల్ల వెనకబడితే అటూ ఇటూ వాళ్ళు మాట్లాడకుండా నాలుగు కుదుళ్ళు ఎక్కువేసి కలుపుకుంటారు. పిన్ని చూడనట్టే ఉంటుంది. అది కూడా మేస్త్రి పనే.

తిట్టాల్సొస్తే మాత్రం సొంత కోడల్నే తిడుతుంది. "కుదురుకీ కుదురుకీ మధ్య ఎడ్లబండి తోలచ్చే!" నిజానికి కోడలి నాటుకు వంక పెట్టలేం. ఆ తిట్టు నాలుగో మునుంలో ఉన్న మరదలిది. మరదలు తలెత్తకుండా కుదుళ్ళు దగ్గర చేస్తుంది. కోడలు నోరెత్తదు. ఈ పూట తిట్లు తిన్నందుకు రాత్రి వంట అత్తగారిదే అని ఆమెకు తెలుసు.

గుత్త డబ్బులు సాయంత్రం గట్టుమీదే పంపకం. పిన్ని వాటా అందరితో సమానం. తిరుగుడుకీ ఫోన్లకీ రైతు విడిగా ఇచ్చింది అందరూ చూస్తుండగానే బొడ్లో దోపుకుంటుంది. పిల్లకు జ్వరమని రాని మనిషికి వాటా లేదు. కానీ పొద్దుగూకేలోపు పిన్ని డబ్బుల్లోంచి రెండొందలు ఆ ఇంటికి చేరతాయి, అప్పుగా. అది తీరేదాకా ఆ మనిషి ఇంకో ముఠాకు పోదు. అందులో జాలి ఎంతో, లెక్క ఎంతో పిన్నికే తెలీదు.

పక్కూరి మేస్త్రి కూలి పెంచి పిలిచినా ఈ ముఠా కదలదు. ఎందుకమ్మా అంటే అందరిదీ ఒకటే మాట: "మా పిన్ని నోరు మంచిది కాదు గానీ, లెక్క మంచిది."