చెవి మెకానిక్

ఏలూరు ఫైర్ స్టేషన్ సెంటర్‌లో గానీ, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ దగ్గర గానీ మలుపు తిరుగుతూ ఓ కారు కిర్రుమంటే చాలు, చేతిలో టీ గ్లాసుతో చెవి మెకానిక్ ప్రత్యక్షమవుతాడు. ఆయనకి షెడ్డు లేదు, పానా లేదు, గోళ్ల సందున గ్రీజు మరక లేదు. ఉన్నదల్లా ఒక చెవి. తల కాస్త పక్కకి వాల్చి, కళ్లు అరమూసి, "పవర్ స్టీరింగ్ ఆయిల్ అయిపోయిందండీ, ఆయ్" అని తేల్చేస్తాడు. అప్పటికి కారాయన అద్దమైనా దించి ఉండడు. చెవి మెకానిక్‌కి కార్ల గురించి ఏమీ తెలీదని చాలామంది విసుక్కుంటారు గానీ అది అన్యాయం. లింక్ రాడ్డు, బాల్ జాయింటు, లోయర్ ఆర్మ్ బుష్షు అన్నీ ఆయనకి నోటికి వచ్చు. రానిది ఒక్కటే, ప్రశ్న. "ఎప్పుడు చప్పుడొస్తోందండీ?" అని ఆయన అడగగా విన్నవారు లేరు.

తిప్పేటప్పుడు వచ్చే చప్పుడు గుట్టంతా ఆ "ఎప్పుడు"లోనే ఉంది. బండి కదలకుండా నిలబెట్టి, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడే కీచుమంటే, పాత తరహా హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న బండైతే, పంపుని తిప్పే బెల్టు జారుతోందని అనుమానించాలి. నిలబడి ఉన్నప్పుడూ, మెల్లగా వెళ్తున్నప్పుడూ పాత తలుపులా మూలిగితే స్ట్రట్ పైనుండే బేరింగో, గ్రీజు ఎండిన బాల్ జాయింటో. పూర్తిగా తిప్పి బండి కదిలిస్తే టకటకమందంటే యాక్సిల్ చివర జాయింటు. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు ఎప్పుడో బయటికి పోయి ఉంటుంది. వేగంలో హోరుగా మొదలై, ఎడమకి తిప్పితే పెరిగి, కుడికి తిప్పితే తగ్గితే, బరువు పడుతున్న కుడి చక్రం బేరింగ్‌ని చూడాలి. బ్రేకు మీద కాలు పెట్టగానే కీచు మారిపోతే అసలు స్టీరింగ్ ఊసే అక్కర్లేదు, అరిగిన ప్యాడ్లని చూడాలి. షాపింగ్ మాల్ సెల్లార్‌లో నున్నటి నేల మీద మాత్రమే కీచుమంటే రోగమే లేదు, అది టైర్ల రాపిడి. ఇన్నిటికీ మన పండితుడి మందు ఒక్కటే, స్టీరింగ్ ఆయిలు. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఉన్నది ఎలక్ట్రిక్ స్టీరింగ్. అందులో ఆ ఆయిలూ లేదు, ఆ పంపూ లేదు. 1983లో రోడ్డెక్కిన మారుతి 800కైతే పవర్ స్టీరింగే లేదు. అయినా పాత మారుతి కనపడితే ఆయన అదే ఆయిల్ పోయించమంటాడు.

ఆయిల్ డబ్బా నిండుగానే ఉందని తేలితే ఆయన కొల్లేటి మీదికి పోతాడు. "ఆ చెరువు గట్ల మీద తిప్పుతారు కదండీ, మరి ఊరుకుంటుందా?" ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కైకలూరు వైపు చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. బుడమేరు, తమ్మిలేరు పొంగిన ఏడాది లంక ఊళ్ల దారులు మునుగుతాయి. బురద, ఇసక చిరిగిన బూట్లలోకి దూరి జాయింట్లని నమిలేస్తాయి. కానీ ఆ నీళ్లు నాలుగు చక్రాల కిందనుంచీ పోయాయి, కిర్రు ఒక్క మూలనుంచే వస్తోంది. ఆ మూల ఏదో చెప్పలేనప్పుడు కొల్లేటిని నిందించి ఏం లాభం? 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. పాపం దానికి చాలినన్ని తగవులు ఉండనే ఉన్నాయి.

రోగనిదానం తప్పినా వైద్యం ఆగదు. "కిందనుంచి పాత ఇంజనాయిలూ డీజిలూ కలిపి కొట్టించెయ్యండి, దెబ్బకి నోరు మూస్తుంది." ఆయన ప్రతిష్ఠంతా ఈ చిట్కా మీదే నిలబడింది, ఎందుకంటే చప్పుడు నిజంగానే ఆగుతుంది. కొన్నాళ్లు. ఆ నూనెకి రబ్బరు బుష్షులు ఉబ్బి మెత్తబడతాయి, మళ్లీ మొదలయ్యే చప్పుడుకి కొత్త చప్పుళ్లు తోడవుతాయి. కూసే బెల్టు మీద ఆ నూనె పడిందా, ఉన్న పట్టు కూడా పోతుంది. అక్కడికి కావలసింది కాసిని మంచినీళ్లు. ఇంజను ఆడుతుండగా దూరంనుంచి, వేళ్లు జాగ్రత్తగా ఉంచుకుని, బెల్టు మీద చిలకరిస్తే కూత కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీల వరస తప్పిందనుకోవచ్చు, నీళ్లు పడగానే పెరిగితే బిగువు చాలడంలేదనుకోవచ్చు.

ఆయన్ని వెనకేసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. బెజవాడ ఆటోనగర్‌లో తలపండిన మేస్త్రీలు కూడా చెవితోనే కదా పట్టేస్తారంటారు. పడతారు, నిజమే. అయితే మేస్త్రీ చెవి అనుమానించినదాన్ని చెయ్యి వెళ్లి తడిమి చూస్తుంది, జాకీ ఎత్తి చక్రం ఊపి చూస్తుంది. తప్పైతే అనుమానమే మారుతుంది. మనవాడి చెవి తీర్పు చెప్పి టీ కొట్టుకి వెళ్లిపోతుంది. ఒక్కోసారి ఆయన మాటే నిజమవుతుంది కదా అన్నది రెండో వాదన. ఒకే గుక్కలో పది పార్టుల పేర్లు చెప్పినవాడికి ఒకటి తగలక ఏం చేస్తుంది? ఉచిత సలహాతో పోయేదేముంది అన్నదానికి మాత్రం గట్టిగానే జవాబు చెప్పాలి. చిరిగిన బూటుని వెంటనే మారిస్తే చిన్న ఖర్చు, ఆయిలు కొట్టించుకుంటూ నెలలు జరిపితే జాయింటు మొత్తం ఖర్చు. బాల్ జాయింటు బాగా వదులై ఊడిందా, చక్రం పక్కకి మడుచుకుపోతుంది. అది చెరువు గట్టు మీద జరిగితే రెండు పక్కలా నీళ్లే. చప్పుడుతో పాటు స్టీరింగ్ బరువెక్కినా, వదులుగా అనిపించినా బండి నడపకండి, మేస్త్రీనే దగ్గరికి పిలిపించండి.

అంతమాత్రాన చెవి మెకానిక్‌ని తరిమెయ్యాలని కాదు. స్ట్రట్ బేరింగ్ పరీక్షకి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ మెల్లగా తిప్పాలి, రెండోవారు స్ప్రింగు మీద వేళ్లు తేలిగ్గా ఆనించి ఎక్కడ పట్టేసి ఎగురుతోందో చూడాలి. ఆ లోపలి సీటులో ఆయన్ని మర్యాదగా కూర్చోబెట్టండి. మాట్లాడొద్దని మాత్రం ముందే చెప్పండి, చప్పుడు వినబడాలి.